పాత కారులో మూగబోయిన అత్యవసర బటన్

ఉపోద్ఘాతం

ఈ పాఠంలో మనం ఒక చిన్న బటన్ గురించి తెలుసుకుందాం. కొన్ని కార్లలో డ్రైవరు తలకు పైన, లేదా వెనుక వచ్చే వాహనాలను చూపే అద్దం మీద ఈ బటన్ ఉంటుంది. దాని మీద 'ఎస్ ఓ ఎస్' అనే అక్షరాలో, ఎర్రని శిలువ గుర్తో కనిపిస్తాయి. ఆపద సమయంలో దానిని నొక్కితే కారే సహాయ కేంద్రానికి ఫోను చేస్తుంది. ఢీకొన్న తాకిడికి ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే, ఎవరూ నొక్కకపోయినా ఫోను వెళుతుంది. స్పృహ తప్పిన మనిషి తరఫున యంత్రం మాట్లాడుతుందన్న మాట.

అయితే అమెరికా, కెనడా దేశాలలో ఇటువంటి బటన్ ఉండి కూడా పనిచేయని కార్లు లక్షల సంఖ్యలో మిగిలాయి. బటన్ విరగలేదు. వైర్లు తెగలేదు. కారులోని యంత్రం చెడిపోలేదు. చెడిపోయినది కారు బయట ఉంది: ఆ యంత్రం మాట్లాడే టెలిఫోను వ్యవస్థ మూతపడింది. బటన్ నొక్కితే అవతల పలికేవారు లేరు.

ఇటువంటి కారును ఏం చేయాలి? ఆ పరికరాన్ని అలాగే వదిలేయాలా, నిలిపివేయాలా? నిలిపివేస్తే ఎలా? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికే క్రమంలో రేడియో తరంగాలు, విద్యుత్తు, చట్టం, మనుషుల నమ్మకం అన్నీ మన ముందుకు వస్తాయి. పై చదువులకు అమెరికా వెళ్లే మన తెలుగు విద్యార్థులలో చాలామంది మొదట కొనేది చవకగా దొరికే పాత కారే. కనుక ఈ విషయం మనకు అంత దూరపుది కాదు.

కారు ఫోను ఎలా చేస్తుంది?

అత్యవసర వ్యవస్థలో ముఖ్యమైన భాగాలు ఆరు. మొదటిది నియంత్రణ పెట్టె. ఒక సెల్‌ఫోనులో ఉండే రేడియో భాగమూ, ఒక చిన్న కంప్యూటరూ ఇందులో ఉంటాయి. రెండవది యాంటెన్నాలు. ఒకటి టెలిఫోను తరంగాల కోసం, మరొకటి ఉపగ్రహాల ద్వారా కారు ఉన్న చోటును తెలిపే జీపీఎస్ కోసం. మూడవది మైకు, స్పీకరు. నాల్గవది బటన్, దాని పక్కనుండే చిన్న దీపం. ఐదవది ఎయిర్‌బ్యాగు నియంత్రణ యూనిట్ నుండి వచ్చే సంకేతపు తీగ. ఆరవది, చాలా కార్లలో ఉండే చిన్న అదనపు బ్యాటరీ. ప్రమాదంలో ప్రధాన బ్యాటరీ నలిగిపోయినా ఫోను వెళ్లాలని దీనిని పెడతారు.

ప్రమాదం జరగగానే ఎయిర్‌బ్యాగు యూనిట్ నియంత్రణ పెట్టెకు కబురు పంపుతుంది. పెట్టె కారు ఉన్న చోటును గుర్తించి, టెలిఫోను టవరును వెతికి, కేంద్రానికి ఫోను కలుపుతుంది. అక్కడి ఉద్యోగి కారులోని వారితో మాట్లాడి, అవసరమైన చోటికి అంబులెన్సును పంపుతారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గమనించండి. బటన్ నొక్కితే ఫోను ఎవరికి వెళుతుంది? కొన్ని కార్లలో అది కారు కంపెనీ నడిపే ప్రైవేటు కేంద్రానికి వెళుతుంది. దానికి ఏటా చందా కట్టాలి. మరికొన్ని కార్లలో నేరుగా ప్రభుత్వ అత్యవసర నంబరుకు వెళుతుంది. దానికి చందా లేదు. మొదటి రకం మూగబోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: చందా ఆగిపోవడం, లేదా టెలిఫోను వ్యవస్థ మూతపడటం. చందా మళ్లీ కట్టవచ్చు. మూతపడిన వ్యవస్థను మాత్రం కారు యజమాని తెరిపించలేడు.

మొదటి మూసివేత: 2008

ప్రైవేటు రకానికి పేరుపొందిన ఉదాహరణ అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ వారి 'ఆన్‌స్టార్'. ఇది 1996లో కాడిలాక్ కార్లతో మొదలైంది. తరువాత ఆ కంపెనీ తయారుచేసే అనేక రకాల కార్లకు విస్తరించింది.

తొలినాళ్ల ఆన్‌స్టార్ పరికరాలు 'యాంప్స్' అనే అనలాగ్ సెల్‌ఫోను పద్ధతిని వాడుకున్నాయి. ఈ పద్ధతి అమెరికాలో 1983లో షికాగో నగరంలో వ్యాపార సేవగా ప్రారంభమైంది. 1996 నాటికి డిజిటల్ ఫోన్లు వచ్చాయి. అయినా ఇంజినీర్లు అనలాగ్‌నే ఎంచుకోవడం తెలివితక్కువ పని కాదు. ఆనాడు పల్లెదారులలో, నిర్మానుష్యమైన రహదారులలో ఎక్కువ దూరం అందేది అనలాగ్ సంకేతమే. పైగా చేతి ఫోను సుమారు 0.6 వాట్ల శక్తితో మాత్రమే ప్రసారం చేయగలిగితే, కారులో అమర్చిన ఫోను 3 వాట్ల వరకు వాడుకోగలదు. ప్రాణం కాపాడే పరికరం ఎక్కువ ప్రాంతంలో పనిచేసే పద్ధతిని కోరుకోవడం సహజమే కదా.

మరి ఆ పద్ధతిని ఎందుకు మూసివేశారు? ఒక చిన్న లెక్క చూద్దాం. యాంప్స్ పద్ధతికి ఒక్కొక్క దిశలో 25 మెగాహెర్ట్జ్ వెడల్పు గల తరంగ పట్టీని కేటాయించారు. ఒక్కొక్క సంభాషణకు 30 కిలోహెర్ట్జ్ కావాలి. 25,000ను 30తో భాగిస్తే సుమారు 833 వస్తుంది. వాస్తవంగా వాడుకలో ఉన్నవి 832 మార్గాలు. ఒక మార్గంలో ఒక సమయంలో ఒకే సంభాషణ. తొలితరం డిజిటల్ పద్ధతులలో ఒకటి అదే 30 కిలోహెర్ట్జ్ మార్గంలో, కాలాన్ని వంతులుగా పంచి, మూడు సంభాషణలను నడపగలిగింది. రేడియో తరంగ పట్టీ అనేది పొలం లాంటిది. విస్తీర్ణం పెరగదు. అదే పొలంలో మూడింతలు పండించే విత్తనం దొరికినపుడు, పాత విత్తనానికి చోటు ఇరుకవుతుంది.

అమెరికా సమాచార నియంత్రణ సంస్థ 2002లో ఒక నిర్ణయం తీసుకుంది. ఐదేళ్ల గడువు తరువాత, అనగా 2008 ఫిబ్రవరి 18 నుండి, కంపెనీలు అనలాగ్ సేవను కొనసాగించవలసిన నిర్బంధం ఉండదని చెప్పింది. ఆన్‌స్టార్ తన అనలాగ్ సేవను 2007 చివరితోనే ముగించింది. కొన్ని కార్లలో పెట్టెను డిజిటల్ రకానికి మార్చే వీలు ఉండింది. ఇంకా పాత కార్లలో ఆ వీలు లేకపోయింది. కొందరు యజమానులు మిషిగన్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టును ఆశ్రయించారు. అత్యవసర సౌకర్యం ఉందని కొన్న కారులో, కారు బాగానే ఉండగా ఆ సౌకర్యం మాయమైతే నష్టం ఎవరిది? ఈ ప్రశ్న ఆనాడే తలెత్తింది.

రెండవ మూసివేత: 2022

అదే కథ పద్నాలుగేళ్ల తరువాత మళ్లీ జరిగింది. ఈసారి మూతపడినది మూడవ తరం, అనగా 3జీ. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2022 ఫిబ్రవరి 22న తన 3జీని ఆపింది. వెరిజాన్ సంస్థ 2022 డిసెంబరు 31తో ముగించింది. 3జీ మీద ఆధారపడిన అత్యవసర బటన్లు గల జర్మనీ, జపాన్, స్వీడన్, అమెరికా కంపెనీల కార్లు అనేకం ఒక్కసారిగా మూగబోయాయి. కొన్ని కంపెనీలు కొన్ని రకాల కార్లకు మాత్రం కొత్త పెట్టెనో, సాఫ్ట్‌వేరు మార్పునో ఇచ్చాయి. మిగిలిన యజమానులకు సేవ ముగిసిందనే సమాచారమే మిగిలింది.

రెండు సందర్భాలకూ మూలకారణం ఒకటే. కారు ఆయుష్షు వేరు, టెలిఫోను తరం ఆయుష్షు వేరు. అనలాగ్ పద్ధతి 1983 నుండి 2008 వరకు, అంటే 25 ఏళ్లు నడిచింది. 3జీ రమారమి ఇరవై ఏళ్లు నడిచింది. బాగా చూసుకుంటే కారు కూడా 15, 20 ఏళ్లు నడుస్తుంది. అయితే కారు ఆ పద్ధతి పుట్టిన రోజునే పుట్టదు. టెలిఫోను పద్ధతి స్థిరపడి, పరీక్షలు ముగిసి, కారు నమూనాలో చేరేసరికి దాని ఆయుష్షులో సగం గడిచిపోతుంది. కనుక కారు కంటే ముందే దాని ఫోను ముసలిదవుతుంది.

ఐరోపాలో పరిస్థితి

ఐరోపా సమాఖ్య దేశాలలో మార్గం వేరు. అక్కడ 2018 మార్చి 31 నుండి కొత్తగా ఆమోదం పొందే కారు నమూనాలన్నింటిలో 'ఈకాల్' అనే వ్యవస్థ తప్పనిసరి అయింది. ఇది నేరుగా 112 అనే ప్రభుత్వ నంబరుకు ఫోను చేస్తుంది. ఫోనుతో పాటు 140 బైట్లకు మించని ఒక చిన్న సమాచారపు మూటను పంపుతుంది. కారు ఉన్న చోటు, అది ప్రయాణిస్తున్న దిశ, సమయం, ఛాసిస్ నంబరు, ఇంధనం రకం వంటివి అందులో ఉంటాయి. ఆ మూటను ధ్వని రూపంలోకి మార్చి, మాటలు వెళ్లే మార్గంలోనే పంపుతారు.

ఇందులో కూడా ఒక చిక్కు ఉంది. మొదటి ఈకాల్ పరికరాలు 2జీ, 3జీ పద్ధతులలో మాటలకు ప్రత్యేకంగా కేటాయించే మార్గాన్ని ఆధారం చేసుకున్నాయి. 4జీలో అటువంటి ప్రత్యేక మార్గం లేదు. అక్కడ మాట కూడా సమాచారపు ముక్కలుగానే ప్రయాణిస్తుంది. అందువల్ల 4జీ, 5జీల మీద పనిచేసే కొత్త తరం ఈకాల్‌ను రూపొందించి, 2026 జనవరి 1 నుండి కొత్త నమూనాలకు తప్పనిసరి చేశారు. ఈలోగా జర్మనీలో 3జీ 2021లోనే ఆగిపోయింది.

ఒక మాట స్పష్టంగా గుర్తుంచుకోవాలి. చట్టప్రకారం ఈకాల్ తప్పనిసరైన కారులో అది ఆ కారు పొందిన ఆమోదంలో భాగం. దానిని యజమాని తొలగించరాదు. వాహనాల సామర్థ్య పరీక్షలో దానిని కూడా తనిఖీ చేసేలా ఐరోపా సమాఖ్య 2021లో నిబంధనలను సవరించింది. ఈ పాఠంలో ముందు చెప్పబోయే పద్ధతులు, సేవ శాశ్వతంగా ముగిసిన ప్రైవేటు రకం పాత పరికరాలకు మాత్రమే వర్తిస్తాయి.

పలకని బటన్ వల్ల కలిగే నష్టాలు

పనిచేయకపోతే పోయిందిలే, దాని మానాన దానిని వదిలేద్దాం అని అనుకోవచ్చు. కాని అలా వదిలేయడం వల్ల నాలుగు నష్టాలు ఉన్నాయి.

మొదటిది బ్యాటరీ హరించుకుపోవడం. కారు ఆపి తాళం వేసిన తరువాత అందులోని పరికరాలన్నీ నిద్రావస్థలోకి పోవాలి. అప్పుడు కూడా గడియారం, తాళం వంటి వాటికి కొద్దిపాటి విద్యుత్తు కావాలి. సాధారణంగా ఇది 50 మిల్లీ ఆంపియర్లకు మించదు. కాని కొన్ని పాత అత్యవసర పెట్టెలు, లేని టవరును మళ్లీ మళ్లీ వెతుకుతూ నిద్రపోవు. ఉదాహరణకు 50 ఆంపియర్-గంటల బ్యాటరీని తీసుకుందాం. 50 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.05 ఆంపియర్ల చొప్పున అది 1000 గంటలు, సుమారు 41 రోజులు వస్తుంది. పెట్టె మరో 200 మిల్లీ ఆంపియర్లు తాగితే మొత్తం 0.25 ఆంపియర్లు. అప్పుడు బ్యాటరీ 200 గంటలే వస్తుంది. అంటే ఎనిమిది రోజులు. ఇంజిను స్టార్టు కావడానికి బ్యాటరీలో సగమైనా మిగలాలి అనుకుంటే, నాలుగు రోజులు కదపని కారు ఐదవ రోజు ఉదయం కదలదు. యజమాని కొత్త బ్యాటరీ కొంటాడు. అదీ అలాగే ఖాళీ అవుతుంది.

రెండవది హెచ్చరిక దీపం. పరికరంలో లోపం ఉందని డ్యాష్‌బోర్డు మీద దీపం నిత్యం వెలుగుతుంటే కొద్ది రోజులకు కళ్లు దానికి అలవాటు పడతాయి. అప్పుడు నిజంగా ముఖ్యమైన మరో దీపం వెలిగినా మనసుకు పట్టదు.

మూడవది అదనపు బ్యాటరీ. ఏళ్ల తరబడి ఎండలో, వేడిలో ఉన్న చిన్న బ్యాటరీ ఉబ్బవచ్చు, కారవచ్చు. అది సాధారణంగా సీటు కిందనో, డిక్కీ పక్క గోడలోనో, డ్యాష్‌బోర్డు వెనుకనో ఉండి ఎవరి కంటా పడదు.

నాల్గవది అన్నిటికంటే పెద్దది. అది తప్పుడు నమ్మకం. కారులో బటన్ లేకపోతే ప్రమాదం జరిగినపుడు మనం వెంటనే జేబులోని ఫోను తీస్తాం, లేదా అరిచి ఎవరినైనా పిలుస్తాం. బటన్ ఉంటే ముందు దానినే నొక్కుతాం. నొక్కి ఎదురుచూస్తాం. రక్తస్రావం జరుగుతున్న మనిషికి ఆ ఎదురుచూపు ఎంత ఖరీదైనదో చెప్పనక్కరలేదు. యజమానికి బటన్ పనిచేయదని తెలిసి ఉండవచ్చు. ఆ రోజు కారు అరువు తీసుకున్న స్నేహితుడికి తెలియదు. ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులకు తెలియదు. రేపు ఆ కారు కొనేవారికి తెలియదు. పనిచేయని రక్షణ సాధనం, లేని రక్షణ సాధనం కంటే ప్రమాదకరం. ఈ పాఠమంతటికీ ఇదే సారం.

నిలిపివేసే ముందు

ముందుగా పరికరం నిజంగానే కాలం చెల్లినదా అని నిర్ధారించుకోవాలి. ఛాసిస్ నంబరు చెప్పి కారు కంపెనీ సేవా కేంద్రంలో అడిగితే ఆ కారులో ఏ తరం పెట్టె ఉందో, దానిని మార్చే వీలుందో లేదో తెలుస్తుంది. కేవలం చందా ఆగిన పరికరాన్ని, కేవలం అదనపు బ్యాటరీ ముసలిదైన పరికరాన్ని తీసిపారేయడం పొరపాటు. బ్యాటరీ మారిస్తే మళ్లీ పలికే బటన్లు కూడా ఉన్నాయి.

పరీక్ష కోసం ఎర్ర బటన్‌ను నొక్కరాదు. ఒకవేళ అది పనిచేస్తూ ఉంటే, నిజమైన ఆపదలో ఉన్నవారి కోసం ఉంచిన సమయాన్ని మనం తీసుకున్నవాళ్లమవుతాం. చాలా కార్లలో సమాచారం కోసం వేరే బటన్ ఉంటుంది. దానిని వాడాలి.

మరో సందేహం తరచుగా వస్తుంది: దీనిని ఆపితే ఎయిర్‌బ్యాగు కూడా ఆగిపోతుందా? ఆగిపోదు. ఎయిర్‌బ్యాగు తన సొంత సెన్సర్లతో, సొంత నియంత్రణ యూనిట్‌తో పనిచేస్తుంది. అత్యవసర పెట్టె దాని నుండి కబురు అందుకునేది మాత్రమే. అయినా పని చేసే చోట ఎయిర్‌బ్యాగు తీగలు దగ్గరలోనే ఉండవచ్చు. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని ముట్టుకోరాదు.

బ్యాటరీని హరిస్తున్నది ఈ పెట్టేనా, మరొకటా అన్నది కూడా తేల్చుకోవాలి. దీనికి ఓమ్ నియమం చాలు. కారుకు తాళం వేసి, పరికరాలన్నీ నిద్రపోయేవరకు అరగంట నుండి గంట వరకు ఆగాలి. తరువాత ఒక్కొక్క ఫ్యూజు రెండు కొనల మధ్య వోల్టేజిని మిల్లీ వోల్టులలో కొలవాలి. ఫ్యూజుకు కూడా కొద్దిపాటి నిరోధం ఉంటుంది. అది 7 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. మీటరు 1.4 మిల్లీ వోల్టులు చూపితే, 1.4ను 7తో భాగించగా 0.2 ఆంపియర్లు, అనగా 200 మిల్లీ ఆంపియర్లు ఆ ఫ్యూజు గుండా పోతున్నాయని అర్థం. ఫ్యూజును పీకకుండా కొలుస్తాం కనుక నిద్రపోతున్న పరికరాలు మేలుకోవు. దొంగ తేలికగా దొరుకుతాడు.

నిలిపివేసే మూడు మార్గాలు

మొదటి మార్గం ఫ్యూజు తీయడం. కారుతో వచ్చిన పుస్తకంలో ఫ్యూజుల పట్టిక ఉంటుంది. అందులో ఈ పరికరానికి సంబంధించిన దానిని గుర్తించి తీసివేస్తే విద్యుత్తు ఆగుతుంది. ఇది తేలికైనది, అవసరమైతే తిరిగి పెట్టుకోగలిగినది. అయితే ఒకే ఫ్యూజు మీద రెండు మూడు పరికరాలు ఉండటం కద్దు. కొన్ని కార్లలో చేతులు వాడకుండా ఫోను మాట్లాడే బ్లూటూత్ సౌకర్యం కూడా ఇదే పెట్టెలో ఉంటుంది. పెట్టెను ఆపితే అదీ ఆగుతుంది. కనుక ఫ్యూజు తీసిన తరువాత దీపాలు, పాటలు, తాళాలు, సూచీలు అన్నీ పనిచేస్తున్నాయో లేదో వరసగా పరీక్షించాలి. అదనపు బ్యాటరీ ఉన్న కారులో ఫ్యూజు తీసినా ఆ బ్యాటరీ లోపలే ఉండిపోతుందని కూడా మరువరాదు.

రెండవ మార్గం పెట్టెనే విడదీయడం. ముందుగా ప్రధాన బ్యాటరీ రుణ ధ్రువపు తీగను విప్పి, కారు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో దాగి ఉన్న విద్యుదావేశం ఈలోగా తగ్గుతుంది. ఆ తరువాతే కనెక్టర్లను విడదీసి, అదనపు బ్యాటరీని బయటకు తీయాలి. ఆ బ్యాటరీని చెత్తకుండీలో వేయరాదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించే చోట అప్పగించాలి. తీగలను ఎన్నడూ కత్తిరించరాదు. విడదీసిన కనెక్టరు కొనకు టేపు చుట్టి, దానిమీద పేరు రాసి కట్టివేయాలి.

ఈ మార్గంలో ఒక ఆసక్తికరమైన చిక్కు ఉంది. 2000వ దశకంలో తయారైన కొన్ని ఐరోపా కార్లలో రేడియో, ఆంప్లిఫయరు, టెలిఫోను పెట్టె 'మోస్ట్' అనే పద్ధతిలో ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబరుతో ఒక వలయంగా కలిపి ఉంటాయి. ఎర్రని కాంతి రూపంలో సమాచారం ఒక పరికరం నుండి మరొక పరికరానికి, అక్కడి నుండి ఇంకొకదానికి వెళ్లి మొదటిదాన్ని చేరుతుంది. పిల్లలు చేతులు పట్టుకుని వలయంగా నిలబడ్డారని ఊహించండి. ఒకరు తప్పుకుంటే వలయం తెగుతుంది. అలాగే అత్యవసర పెట్టెను తీసివేస్తే, దానితో ఏ సంబంధమూ లేని రేడియో కూడా మూగబోతుంది. అందుకోసం రెండు ఫైబరు కొనలను కలిపే చిన్న కనెక్టరు దొరుకుతుంది. పెట్టె ఉన్న చోట దానిని అమరిస్తే వలయం మళ్లీ పూర్తవుతుంది.

మూడవ మార్గం కారుకు చెప్పడం. ఆధునిక కారులోని కంప్యూటర్లకు తమతో ఏయే పరికరాలు ఉండాలో తెలుసు. ఒకటి కనిపించకపోతే లోపం ఉన్నట్లు దీపం వెలిగిస్తాయి. సేవా కేంద్రంలోని పరీక్షా యంత్రాన్ని స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు కలిపి, ఈ కారులో అత్యవసర పరికరం లేదు అని నమోదు చేయిస్తే దీపం ఆరిపోతుంది. ఇది అన్ని కార్లలో వీలుకాదు. వీలున్న చోట ఇదే పద్ధతైన ముగింపు.

చేయకూడని పని ఒకటి ఉంది. అది కేవలం హెచ్చరిక దీపాన్ని పీకివేయడం, లేదా దానిమీద నల్లటేపు అంటించడం. దీపం పోతుంది, లోపం మిగులుతుంది. దీపం నిజమే చెబుతోంది. నిజం చెప్పే నోరు మూయడం మరమ్మతు కాదు.

పని పూర్తయిన తరువాత బటన్ సంగతి చూడాలి. పరికరాన్ని ఆపి బటన్‌ను అలాగే ఉంచితే నాల్గవ నష్టం అలాగే ఉంటుంది. బటన్ స్థానంలో ఖాళీ మూత పెట్టడం ఉత్తమం. అది దొరకకపోతే 'పనిచేయదు' అని స్పష్టంగా రాసి అంటించాలి. కారు అమ్మేటపుడు ఆ సంగతి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇది రెండు నిమిషాల పని. మొత్తం వ్యవహారంలో ప్రాణాన్ని కాపాడేది ఇదే.

ఆ ఖాళీని నింపడం

ఒక రక్షణను తొలగించినపుడు దాని స్థానంలో మరొకటి ఉండాలి. సెల్‌ఫోనును ప్రమాదపు కుదుపుకు ఎగిరిపోకుండా గట్టి పట్టులో, చేతికి అందే చోట ఉంచాలి. అమెరికాలో చందా లేని సెల్‌ఫోను నుండి కూడా 911కు ఫోను చేయవచ్చు. అయితే ఆ ఫోను నేటి తరం టవర్లతో మాట్లాడగలిగేదై ఉండాలి. బీరువాలో దాచిన పాత 3జీ ఫోను అందుకు పనికిరాదు. 2022 నుండి వస్తున్న కొన్ని ఫోన్లు, గడియారాలు పెద్ద తాకిడిని తామే గుర్తించి సహాయానికి ఫోను చేస్తున్నాయి. కారులోని పెట్టెకంటే ఫోనును తరచుగా మారుస్తాం కనుక దానికి ముసలితనం అంత తొందరగా అంటదు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? మన ప్రాంతంలో ఆపద అనగానే గుర్తుకొచ్చే 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. దేశమంతటికీ ఒకే నంబరుగా 112 సేవ 2018 నుండి ఒక్కొక్క రాష్ట్రంలో అమలులోకి వచ్చింది. ఇవి కారుతో ముడిపడినవి కావు. ఫోను చేసే మనిషితో ముడిపడినవి. మన దగ్గర దారిన పోయేవారే ముందుగా ఫోను చేస్తారు. కనుక కిలోమీటరు రాయి, దగ్గరలోని ఊరు, రహదారి నంబరు చెప్పగలగడం ప్రతి ఒక్కరికీ అవసరమైన విద్య.

అయితే బటన్లు మన దేశానికి కూడా వచ్చాయి. బస్సులు, టాక్సీల వంటి ప్రజా రవాణా వాహనాలలో స్థానాన్ని తెలిపే పరికరం, ప్రయాణికుల కోసం అత్యవసర బటన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం ఉండవలసిన ఈ పరికరాలు 2019 జనవరి 1 నుండి కొత్తగా నమోదయ్యే వాహనాలకు తప్పనిసరి అయ్యాయి. ఇవి కూడా సెల్‌ఫోను టవర్ల మీదనే ఆధారపడతాయి. అందువల్ల అమెరికా అనుభవం మనకు పాఠం. బటన్ అమర్చిన రోజున మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఏ తరం టెలిఫోను మీద పనిచేస్తుంది? అవతల ఎవరు పలుకుతారు? ఆ తరం మూతపడిన రోజున దీనిని మార్చేది ఎవరు, ఖర్చు ఎవరిది?

రేపు మీలో కొందరు ఇంజినీర్లు అవుతారు. అటువంటి పెట్టెను రూపొందించే అవకాశం మీకు వస్తే, కారును విప్పకుండా రేడియో భాగాన్ని మాత్రం మార్చుకునేలా తయారు చేయండి. అవతలి వైపు పలకడం ఆగిపోయినపుడు ఆ సంగతి పెట్టే గుర్తించి, వెతుకులాట మానేసి, 'నా మీద ఆధారపడవద్దు' అని డ్రైవరుకు చెప్పేలా చేయండి.

సారాంశం

కారులోని అత్యవసర వ్యవస్థ కారుకు బయట ఉన్న టెలిఫోను వ్యవస్థ మీద ఆధారపడుతుంది. అనలాగ్ పద్ధతి 2008లో, 3జీ 2022లో అమెరికాలో ముగియడంతో చాలా కార్లలో బటన్లు మూగబోయాయి. అటువంటి పరికరం బ్యాటరీని హరించవచ్చు, హెచ్చరికను నిరర్థకం చేయవచ్చు, అన్నిటికీ మించి తప్పుడు నమ్మకాన్ని ఇస్తుంది. ముందు నిర్ధారణ, తరువాత చట్టం, ఆ తరువాత ఫ్యూజు, పెట్టె, నమోదు అనే క్రమంలో దానిని నిలిపివేయాలి. బటన్‌ను మూసి, దాని స్థానంలో మరో రక్షణను ఏర్పరచుకోవాలి.

ఆలోచించండి

1. 60 ఆంపియర్-గంటల బ్యాటరీ గల కారు ఆగి ఉన్నపుడు మొత్తం 300 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటే ఎన్ని రోజులలో బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది?

2. వలయంగా కలిపిన పరికరాలలో ఒకటి తొలగితే మిగిలినవి ఎందుకు ఆగిపోతాయి? అలా ఆగకుండా ఉండాలంటే పరికరాలను ఏ విధంగా కలపవచ్చు?

3. మీరు ప్రయాణించే బస్సులో అత్యవసర బటన్ ఉందేమో గమనించండి. ఉంటే, దానిని నొక్కకుండా, అది ఎవరికి కబురు పంపుతుందో కండక్టరునో, డిపో అధికారులనో అడిగి తెలుసుకోండి.

4. మీ ఇంట్లో, మీ కళాశాలలో పేరుకు ఉండి పనిచేయని రక్షణ సాధనాలు ఏవైనా ఉన్నాయా? గోడకు వేలాడే అగ్నిమాపక సిలిండరు మీద తేదీ చూడండి.